బుల్లికి, అక్కాబావల ముద్దులతో

"ఓయ్ బొమ్మలమ్మా! వేలమంది ఆడుతున్నారే మన ఆట!"

అతను ఫోను పట్టుకుని వంటింట్లోకి దూసుకొచ్చేసరికి ఆమె చేతుల నిండా సబ్బు నురగ. ఆ చేతులతోనే మొగుడి మెడ చుట్టేసింది. అతని చెవి మీద నురగ, ఆమె ముక్కు మీద నురగ. కొత్త కాపురం కదా, గిన్నెల మధ్యే ఇద్దరూ గిరగిరా తిరిగారు.

వీపున ఇల్లు మోస్తూనే అద్దె ఇల్లు వెతుక్కునే నత్త కథ అది. చేతిలో పట్టుకుని ఆడుకునే ఒక చిన్న గేమ్ మెషీన్ కోసం చేశారు. బొమ్మలు ఆమెవి, ప్రోగ్రాం అతనిది. ఇది అమ్ముడైతే కలిసి రెండో ఆట చేయొచ్చు. లేకపోతే అతను మళ్లీ పాత ఉద్యోగానికి పోవాల్సిందే.

"మీ నత్త పరుగందుకుందండీ!"

"మన నత్త."

అంతలో ఆ మెషీన్ కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు. అతను స్పీకర్ పెట్టాడు.

"ఆడేవాళ్లు వేలల్లో ఉన్నారు సార్. కొన్నవాళ్లు మాత్రం వేళ్లమీద లెక్కపెట్టేంతమందే. మిగతావన్నీ దొంగ కాపీలు. ఇంతకీ ఆ బుల్లి ఎవరు?"

"బుల్లా?"

"ప్రతి కాపీలోనూ తెరవగానే 'బుల్లికి, అక్కాబావల ముద్దులతో' అని వస్తోంది."

బుల్లి ఆమె చెల్లెలు. బుల్లి దగ్గరున్న పాత మెషీన్‌లో కాపీ కాకుండా వేసిన తాళం ఉంటే ఆట నడవదని, విడుదలకు ముందే ఆ తాళం తీసేసిన కాపీ ఒకటి పట్టుబట్టి చేయించింది తనే. మరదలికి తొలి కానుకని అతనూ మురిసిపోయాడు.

"ఇలాగైతే మా మెషీన్‌కి ఆటలు చేసేవాళ్లే మిగలరు సార్. పెద్ద కంపెనీలు అప్పుడే తప్పుకుంటున్నాయి. మీ రెండో ఆట మేం తీసుకోలేం. ఏమీ అనుకోకండి."

అతను ఫోను కింద పెట్టాడో లేదో, మళ్లీ మోగింది. బుల్లి.

"అక్కా! మా హాస్టలంతా మీ నత్తే! అడిగినవాళ్లందరికీ ఎక్కించి ఇచ్చా. మరి బావకి ప్రచారం చేయొద్దూ?"

అతనే ఫోను అందుకున్నాడు.

"నీ పేరు ఊరూరా మోగిపోతోందే మరదలా! ఇంక నీకు సంబంధాలు వెతికే పనిలేదు."

"పో బావా!" బుల్లి పకపకా నవ్వి పెట్టేసింది.

"చెప్పేయాల్సిందండీ," అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ.

"చెప్తే ఏమవుతుంది? ఏడ్చేవాళ్లు ముగ్గురవుతారు."

గోడ మీద రెండో ఆటకని గీసిన నత్తగారి పెళ్లాం, కొత్త చీరలో సిగ్గుపడుతోంది. అతను అటు చూడకుండా బీరువా తెరిచాడు.

"నా తెల్లచొక్కా ఇస్త్రీ చేసిపెడతావా? రేపు పొద్దున్నే పాత ఆఫీసుకి వెళ్లి మళ్లీ చేర్చుకోమని అడుగుతా."