మగ్గం పక్కన కంప్యూటర్

కొత్త కంప్యూటర్ మొరాయిస్తే ఎవరైనా అంగడివాణ్ణి తిడతారు. లక్ష్మీప్రియకు ఆ వసతి కూడా లేదు. విడిభాగాలన్నీ హిందూపురంలో తానే ఏరి కొనుక్కొచ్చింది. ధర్మవరంలోని తన ఇంట్లో, నాయన మగ్గం పక్కనే చాప పరుచుకుని ఈ పొద్దున తానే బిగించింది. ఇప్పుడు తిట్టాలంటే తనను తాను తిట్టుకోవాలి.

మీట నొక్కితే లోపల ఫ్యాన్ తిరుగుతుంది, దీపం వెలుగుతుంది. తెర మీద మాత్రం 'నో సిగ్నల్' అన్న మాటలు తప్ప ఇంకేమీ రావు. కాసేపటికి ఫ్యాన్ ఆగిపోతుంది. ఎవరో పిలిచినట్టు మళ్లీ తనంతట తానే తిరగడం మొదలుపెడుతుంది. పూర్తిగా చచ్చిందంటే ఒక ఏడుపు ఏడ్చి ఊరుకోవచ్చు. ఇది చావదు, బతకదు.

సాయంత్రం హిందూపురం నుంచి మేనమామ జయరాముడు వస్తున్నాడు. ఆయన అక్కడ ఒక బట్టల కంపెనీలో సూపర్‌వైజరు. తమ్ముడు వస్తున్నాడని అమ్మ వంటింట్లో పప్పు, బెల్లం రుబ్బి ఓళిగలు చేస్తోంది. ఆయన రాక లక్ష్మీప్రియకు మాత్రం గండమే. పట్టుచీరల అంచులకు కంప్యూటర్ మీద డిజైన్లు గీయడం ఆమె నేర్చిన పని. పనిచేసే అంగడి మూతబడ్డాక, ఇంట్లోనే సొంతంగా పెట్టుకుంటానని పట్టుబట్టింది. నాయన నరసింహులు అప్పుడు ఒకే మాట అన్నాడు.

"మీ మామ వచ్చేలోపల అది నడిస్తే ఈడే ఉండు. నడవకపోతే ఆయప్ప వెంట పోయి కంపెనీలో చేరు."

ఆ మాట అన్నప్పటి నుంచి ఆయన ఆ పెట్టెల ఊసే ఎత్తలేదు. ఎప్పుడైనా కన్ను పడినా గిట్టని చుట్టాన్ని చూసినట్టు చూసి తల తిప్పుకునేవాడు. కంపెనీలో కుట్టుపని తక్కువదేమీ కాదని ఆమెకు తెలుసు. అయినా అది తనకు వద్దు. తాను గీసిన గీత చీర అంచై మగ్గం మీద నుంచి దిగడం చూసిన పిల్లను రోజంతా చొక్కా కాలర్లు కుట్టమంటే ప్రాణం ఎలా ఒప్పుతుంది?

పెనుకొండలో కంప్యూటర్లు బాగుచేసే అంగడిలో మేరీ అని ఆమెతో చదువుకున్న పిల్ల ఉంది. ఫోన్‌లో వీడియో పెట్టి, పొద్దున్నుంచీ ఆ పిల్లే వైద్యం చెబుతోంది.

"మీట వేస్తే కూత ఏమన్నా పెడతాందా ప్రియా?"

"మూడుసార్లు కుయ్యిమనింది."

"అయితే ర్యామే. ఆ పొడుగు ముక్క సరిగా కూచోలే. పెరికి మళ్లీ గట్టిగా నొక్కు."

పెరికి నొక్కింది. మీట వేసింది. తెర మీద రంగుల బొమ్మ తళుక్కుమంది.

"వచ్చె! నాయనా, వచ్చె!"

మగ్గం చప్పుడు ఆగింది. నరసింహులు మెడ సాచి చూసేలోగా తెర నల్లబడింది.

"నేను చూస్తేనే పోతాందేమో," అని ఆయన మళ్లీ నేతలో పడ్డాడు.

అక్కడి నుంచి అంతా అయోమయమే. ఈసారి కూత కూడా లేదు. కూత లేదంటే రోగం వేరే అంది మేరీ. పెట్టెలోని కరెంటు డబ్బాను అనుమానించింది, తెరకు పోయే తీగను మార్పించింది, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీని తీయించి పెట్టించింది. ఒకసారి కూత వచ్చి బొమ్మ రాదు. ఒకసారి రెండూ రావు. ఇద్దరు పిల్లలూ గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఆ పెట్టెలో పడి తిరిగారు.

నడుమ పక్కింటి నల్లప్ప వచ్చాడు. తనకు తెలియని విద్య లోకంలో లేదని గట్టిగా నమ్మిన మనిషి.

"కరెంటులో బలం లేదమ్మా. మా టీవీ కూడా ఇట్లే చేసె," అని ఇంటికి పోయి స్టెబిలైజర్ మోసుకొచ్చాడు. దానితోనూ అదే వరస. "అట్లయితే దిష్టే. నిమ్మకాయ కట్టండి," అని తేల్చేసి వెళ్లిపోయాడు. స్టెబిలైజర్ తీసుకుపోవడం మాత్రం మరవలేదు.

మధ్యాహ్నం దాటింది. లక్ష్మీప్రియకు ఆ యంత్రం మీద అనుమానం పోయి తన మీదే అనుమానం మొదలైంది. నాకు చేతనవుతుందని ఎవరు చెప్పారు? వీడియోలు చూసి ఎగిరిపడ్డానేమో. నాయన అన్నట్టు కంపెనీకి పోవడమే మేలేమో.

"పాత ర్యామ్ అయితే రబ్బరుతో రుద్దమందును," అంది మేరీ నీరసంగా. "నిన్న సీలు విప్పిన దానికి మురికి యాడిది?"

"ఏదో ఒకటి చేయల్ల కదే. రుద్దుతా."

పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు తీసి, ఆ ముక్క అడుగున బంగారు రంగులో మెరిసే అంచును రుద్దింది. రబ్బరు పచ్చబడింది.

"మేరీ, పూత ఊడొస్తాంది!"

"అది అట్ల రాదే. సరిగా చూడు."

కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. పసుపు. సాక్షాత్తూ వంటింటి పసుపు. తడిపి రాసినది ఎండి, బంగారు రంగులో కలిసిపోయింది. కొత్త ర్యామ్‌కు పసుపేమిటి? ఫోన్ పక్కన పెట్టి కరెంటు డబ్బా విప్పి తిప్పి చూసింది. అడుగున పసుపు పూసి, నడుమ చిన్న కుంకుమ బొట్టు. ఫ్యాన్ వెనక ఒకటి. పెట్టె అడుగున ఇంకొకటి. అన్నీ కంటికి ఆనని చోట్లే.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మగ్గం చప్పుడు మళ్లీ ఆగింది.

ఆ ఇంట్లో కొత్త పడుగు ఎక్కించిన ప్రతిసారీ మగ్గంలోని భాగం భాగానికీ బొట్టు పెడతారు. పెట్టకుండా అడ్డపోగు నడిపే నాడె విసరరు. పెట్టేది ఎప్పుడూ నరసింహులే.

"నాయనా, ఇవి నువ్వేనా పెట్టింది?"

ఆయన పడుగు వైపే చూస్తూ చెప్పాడు. "నిన్న నువ్వు స్క్రూల కోసం అంగడికి పోయినప్పుడు. అన్నీ చాప మీద పరిచి ఉండె. పని చేసి అన్నం పెట్టే వస్తువు కదమ్మా. బొట్టు లేకుండా మొదలు పెడితే నా మనసు ఒప్పలే. నువ్వు చూస్తే నవ్వుతావని అడుగున పెట్టినా."

"మరి దీనికి?"

"దానికి పైన ఏదో అడుగు ఏదో తెలీలే. ఒకపక్క జరీ మాదిరి మెరుస్తాండె. అంచు కదా అని ఆడ రాసినా. కుంకుమైతే కనపడతాదని వట్టి పసుపే రాసినా." అప్పుడు ఆయనకు అనుమానం వచ్చింది. "యాలమ్మా అట్ల చూస్తావు? దాంతోనే నడవలేదా?"

ఆమె అవునని తల ఊపింది. ఒళ్లు మండింది. పొద్దున్నుంచీ పడ్డ పాట్లన్నీ ఒక్క వేలి పసుపుకా! కోపం వెంటే ఏడుపూ తన్నుకొచ్చింది.

"ఇది నడవకూడదనే నీకు ఉండాదనుకున్నా నాయనా."

"నేనెందుకు అట్ల అనుకుంటానమ్మా?" నరసింహులు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలోంచి లేచాడు. "నడవకపోతే నలుగురిలో తలొంచుకుంటావేమోనని ముందే ఇంకో దోవ చూసిపెడితి. అంతే."

వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడైంది. జయరాముడు లోపలికి తొంగి చూశాడు.

"ఏం బావా, పిల్ల సంచి సర్దుకునిందా?"

తెర నల్లగానే ఉంది. ర్యామ్ ఇంకా లక్ష్మీప్రియ చేతిలోనే ఉంది. అయిపోయిందనుకుంది.

"పిల్ల రాదు జయరాముడూ," అన్నాడు నరసింహులు.

"అయితే నడిచిందన్నమాట!"

"నడవలే."

జయరాముడు తెర వైపు చూశాడు, బావ వైపు చూశాడు. "నడవకపోతే పంపిస్తానంటివి కదప్పా?"

"అంటి. చెడగొట్టింది నేను. పిల్ల సరిగానే కట్టింది."

"అంటే ఇప్పుడు నడుస్తాదా?"

"నాకేం తెలుసు? నడవకపోతే నడిచేదాకా చూసుకుంటాది. నువ్వు చేతులు కడుక్కోపో. మీ అక్క ఓళిగలు చేసింది."

జయరాముడికి ఏమీ అర్థం కాలేదు. అయినా చేతులు కడుక్కోవడానికి పోయాడు.

చాప మీదున్న ఫోన్‌లోంచి మేరీ అరుస్తోంది. "ఏమే ప్రియా, పెట్టినావా? మీట వేసినావా? ఆడ ఏమైతాంది?"

లక్ష్మీప్రియ ర్యామ్‌ను దాని చోట పెట్టబోయింది. నీళ్లు నిండిన కళ్లకు ఆ సందు ఆనలేదు.

"కొంచెం ఆగవే," అంది ఏడుస్తూనే నవ్వుతూ. "నాకు ఏమీ కనపడ్డం లేదు."