ఎడారిలో కళ్ళాపి

పద్మశ్రీకి ఆ శనివారం మెలకువ వస్తూనే పరీక్ష గుర్తొచ్చి గుండె గుభేలుమంది. పరీక్ష తనకి కాదండోయ్, తొమ్మిదేళ్ళ కూతురు మోక్షితకి. కానీ పిల్ల తప్పితే తల్లి తప్పినట్టే. ఎందుకంటే పరీక్ష పెట్టేది సాక్షాత్తూ అత్తగారు సత్యనారాయణమ్మ. కోనసీమలో ముప్ఫయ్యేళ్ళు పిల్లల చెవులు మెలిపెట్టి రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఆవిడ.

అసలు కథంతా పద్మశ్రీ మొగుడు నాగేంద్రబాబుతో మొదలైంది. కంప్యూటర్ ముందు కూర్చుని బిల్డింగులకి బొమ్మలు గీసే ఉద్యోగం అతనిది, ఎక్కడ కూర్చుని గీసినా కంపెనీకి పట్టింపు లేదు. చలికాలం రాగానే కువైట్ ఊరిచివర సులైబియాలో ఏదో షెడ్డులో పడున్న పాత మినీబస్సు కొన్నాడు. లోపల మంచాలు, పొయ్యి, సింకు, నీళ్ళ ట్యాంకు బిగించేడు. మహబూలాలో ఫ్లాటు ఖాళీ చేసి పెళ్ళాన్నీ పిల్లనీ అందులోకి ఎక్కించేసేడు. పద్మశ్రీ కూడా తక్కువ తిన్లేదు. హవల్లీలో టీచరు ఉద్యోగం మానేసి, పిల్లని బడి మానిపించి, బస్సులోనే చదువు చెప్పడం మొదలెట్టింది. సముద్రం ఒడ్డున భూగోళం, ఎడారిలో సైన్సు, బక్కాలా అనే కిరాణాకొట్టులో కొట్టువాడి దగ్గర లెక్కలు. ఆ మూడు నెలలూ ముగ్గురికీ రోజూ సెలవురోజే.

ఇంతలో అత్తగారు విజిట్ వీసా మీద దిగింది. బస్సు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఏంటర్రా ఇది? సర్కస్ కంపెనీలో గానీ చేరేరా?" అంది. లోపలికెళ్ళి మనవరాలి చదువు సంగతి అడిగి, బుగ్గలు నొక్కుకుంది. "హాజరు పట్టీ లేదు, గంట లేదు, బెంచీ లేదు. ఇదేం బడే అమ్మాయ్! శనివారం నేను పరీక్ష పెడతాను. పిల్ల చెప్పిందా, మీ ఇష్టం. చెప్పలేదా, ఇక్కడ ఆదివారం బళ్ళుంటాయటగా, ఆ పొద్దున్నే హవల్లీ బడిలో చేర్పించాల్సిందే. బస్సు అమ్మేసి ఇంట్లో ఉండాల్సిందే."

తల్లి మాట ఎదురులేనిది కదా, నాగేంద్రబాబు తలూపేసేడు. మోక్షిత మాత్రం ఆ రాత్రి తల్లి చెవిలో, "అమ్మా, బస్సు అమ్మేస్తారా నిజంగా?" అని గుసగుసలాడింది. అప్పట్నుంచీ పద్మశ్రీకి అన్నం సహించట్లేదు.

శుక్రవారం జహ్రా ఊరు దాటి చాలా దూరం పోయి, ఎడారి పార్కులో బస్సు ఆపేరు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయేమో, ఇసకలో ఎక్కడ చూసినా చిట్టి చిట్టి పసుప్పచ్చ పూలు. వెనకాల పెద్ద ఇసకదిబ్బ. మోక్షిత దాని మీద జారబోతే, "తప్పు! ఆడపిల్లవి, బట్టలు పాడైపోతాయి. ఎక్కం చదువుకో" అని అత్తగారు గదమాయించింది. తనైతే మోకాళ్ళు పట్టేశాయని, బస్సు మెట్టెక్కడానికి కూడా కొడుకు భుజం పట్టుకుంది పాపం.

సరే, శనివారం పొద్దున పద్మశ్రీ లేచి, మొహం కడుక్కుందామని కుళాయి తిప్పింది. గుర్రుగుర్రుమంది తప్ప ఒక్క చుక్క రాలేదు. ఇంకో కుళాయి తిప్పింది. అదీ అంతే. రెండు రోజులకి నింపుకున్న ట్యాంకు రాత్రికి రాత్రే ఎలా ఖాళీ అవుతుంది? బయట చూద్దామని తలుపు తీసిందేమో, నోరెళ్ళబెట్టి నిలబడిపోయింది.

బస్సు ముందర ఇసక నల్లగా తడిసి ఉంది. దాని మధ్యలో బియ్యప్పిండితో పద్మాల ముగ్గు. పక్కన ఖాళీ బకెట్టు, చేతిలో చెంబు, నడుముకి దోపిన చీరకొంగుతో సత్యనారాయణమ్మ.

"అత్తయ్యగారూ! నీళ్ళన్నీ..."

"కళ్ళాపి జల్లేనమ్మా. వాకిట్లో ముగ్గు లేకపోతే అదేం ఇల్లే? ఇదేం నేలో గానీ, బకెట్టు పోస్తే బకెట్టూ తాగేసింది! ముగ్గు నిలవాలా వద్దా? నేనూ పోస్తూనే ఉన్నాను, అదీ తాగుతూనే ఉంది."

పంటకాలవ గట్టున పుట్టి పెరిగిన మనిషి. నీళ్ళు అయిపోతాయన్న ఊహే ఆవిడకి తట్టలేదు. పద్మశ్రీకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చేయి. బయటికొచ్చిన నాగేంద్రబాబు ఆ తడినేల చూసి, మొహం పక్కకి తిప్పుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వేడు.

అంతలో పార్కు కాపలా చూసే పీర్ సాహెబ్ జీపులో వచ్చేడు. రాయచోటి మనిషి. దిగి నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏం పెద్దమ్మా, కువైట్ అంతా కళ్ళాపి సల్లాలనుకుంటివా?" అన్నాడు. "మా ఊర్లో అయితే ఈ నీళ్ళతో నాలుగు దినాలు బతుకుతాం!" అని నవ్వుతూనే జీపులోంచి రెండు క్యాన్లు దించేడు.

కాఫీ కడుపులో పడగానే అత్తగారు కుర్చీ వేయించుకుని కూర్చుంది. "ఆఁ, రావే మోక్షితా. పదిహేడో ఎక్కం."

మోక్షిత గడగడా అందుకుంది. ఏడు దాకా బండి బాగానే నడిచింది.

"పదిహేడెనిమిదులూ..." అని ఆగిపోయింది పిల్ల. ముగ్గు మీద ఓ బుల్లి పిట్ట వాలి పిండి తింటోంది. కళ్ళు దాని మీదే ఉన్నాయి. "నూట... నూట ఇరవై ఆరు?"

"ఖలాస్!" అంది అత్తగారు. కువైట్ దిగిన రెండు వారాల్లో నేర్చుకున్న ఒకే ఒక్క మాట, సమయానికి వాడేసింది. "విన్నావా అమ్మాయ్? రేపు పొద్దున్నే హవల్లీ."

పద్మశ్రీకి కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి. మూడు నెలల ఆనందం ఒక్క ఎనిమిది దగ్గర కూలిపోయింది.

"పోనీ నానమ్మా, ఇంకోటి చెప్పనా?" అంది మోక్షిత. "పొద్దున్న మన వాకిట్లోకి ఎవరెవరొచ్చారో చెప్తాను. అమ్మ నేర్పింది. ఇసకలో అడుగులు చూసి చెప్పెయ్యొచ్చు."

"చెప్పు చూద్దాం" అంది అత్తగారు, పోనీలే పాపం అన్నట్టు.

పిల్ల గొంతుక్కూర్చుని వేలుతో చూపిస్తూ పోయింది. "ఈ సన్నగీతల జంట నల్లపురుగుది. ఇదిగో, రెండేసి కాళ్ళూ ఒకేచోట పడి, మళ్ళీ అంత దూరంలో పడ్డాయి చూడు. ఇది గెంతే ఎలక. దానికి పొడుగు తోక ఉంటుంది, ఇక్కడ ఈడ్చుకుపోయింది." పీర్ సాహెబ్ అవునవునన్నట్టు తలూపేడు. మోక్షిత ముగ్గు చివరికి జరిగి, అక్కడ ఆగింది. "ఇదేమో మనిషి. చెప్పుల్లేవు. మొదటి అడుగులకి పిండంటుకుంది, అంటే ముగ్గు పెట్టేసేక వెళ్ళేరు."

"ఇంక చాల్లే" అంది అత్తగారు గబుక్కున.

"ఉండు నానమ్మా!" పిల్ల అడుగుల వెంట పరిగెత్తింది. "ఎడంకాలు కొంచెం ఈడుస్తున్నారు, మోకాలు నొప్పి కాబోలు. అయినా దిబ్బ పైదాకా ఎక్కేశారు! పైనుంచి కిందకి మాత్రం అడుగుల్లేవు. ఇంత వెడల్పున కాలవ తవ్వినట్టుంది. అంటే కూర్చుని జారేరు! అమ్మా, మళ్ళీ ఎక్కేరు! మళ్ళీ జారేరు! ఈసారి ఇంకా పైనుంచి!"

నలుగురూ ఒక్కసారే సత్యనారాయణమ్మ వంక తిరిగేరు. ఆవిడ లేచి నిలబడింది. చీర కుచ్చిళ్ళలోంచి జలజలా ఇసక రాలింది.

పద్మశ్రీకి పై ప్రాణాలు పైనే పోయేయి, ఇంక అత్తగారి కోపానికి అంతుండదని. ఆవిడ ముక్కు అదిరింది, పెదాలు వణికేయి. అంతే, ముప్ఫయ్యేళ్ళ హెడ్‌మిస్ట్రెస్ కాస్తా చీరకొంగు నోట్లో కుక్కుకుని కిసకిసా నవ్వడం మొదలెట్టింది. నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. "ఏం చెయ్యనే అమ్మాయ్! చిన్నప్పుడు కాలవగట్టు మీంచి జారితే మా నాన్న వీపు విమానం మోత మోగించేడు. మళ్ళీ ఇప్పటిదాకా జారలేదు. ఎవరూ లేవలేదు కదా అని..."

"మరి మోకాళ్ళో అమ్మా?" అన్నాడు నాగేంద్రబాబు.

"నోరుముయ్యరా! జారడానికి మోకాళ్ళెందుకు?"

పీర్ సాహెబ్ జీపు బానెట్ పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నాడు. పద్మశ్రీ నవ్వుతూనే ఏడ్చేసింది. అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "దీనికి అబద్ధం పట్టుకోడం నేర్పేవే నువ్వు. నా సర్వీసులో ఒక్క పిల్లకీ నేను నేర్పలేకపోయేను. ఆ హవల్లీ బడి సంగతి మర్చిపో."

మోక్షిత కేక పెట్టి నానమ్మ మెడ పట్టుకు వేలాడింది.

"ఊరికే కాదే. ఎక్కం బాకీ ఉంది. పద పైకి!"

ఇద్దరూ చేతులు పట్టుకుని దిబ్బెక్కేరు. పద్మశ్రీ చెప్పులు విసిరేసి వెనకాలే పరిగెత్తింది. పైన ముగ్గురూ వరసగా కూర్చున్నారు. అత్తగారు కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య బిగించి, బళ్ళో అరిచినంత గట్టిగా అరిచింది.

"మోక్షితా! పదిహేడెనిమిదులు?"

జారుతూ జారుతూ, నోట్లోకి ఇసక పోతున్నా సరే, పిల్ల గొంతు చించుకుంది. "నూట ముప్ఫై ఆరూ!"