గోడ మీద రెండు దెబ్బలు

మనుషుల సంగతులు నాకు పట్టవు. పటాన్‌చెరులో మా నాయన రంగయ్య బెల్లం, నూనె అమ్మిన దుకాణంలోనే నేను పద్దెనిమిదేళ్లుగా టీవీలు బాగు చేస్తున్నాను. ఎవరింటికి వెళ్లినా టీవీ వెనకవైపు కూర్చోవడమే నా పని. ముందువైపు కూర్చున్నవాళ్లు ఏడుస్తున్నారా, నవ్వుతున్నారా అని తల తిప్పి చూసే అలవాటు లేదు. బొమ్మ వస్తే సంచీ సర్దుకుంటాను, రాకపోతే రేపు వస్తానంటాను. ఈ పద్ధతి వల్ల నాకు శత్రువులు లేరు. స్నేహితులు కూడా పెద్దగా లేరనుకోండి, అది వేరే మాట.

రెండు వేల ఆరులో మా వైపు ఉచిత డిష్షుల గిరాకీ మొదలైంది. డాబా మీద చిన్న డిష్షు, టీవీ పక్కన ఓ పెట్టె. ఒకసారి కొనుక్కుంటే సరి, ఆ తర్వాత నెలనెలా ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. కేబుల్‌లో వచ్చే చుక్కలూ నీడలూ ఉండవు, బొమ్మ కడిగిన అద్దంలా ఉంటుంది. కాకపోతే కేబుల్‌లో వచ్చే ఛానళ్లన్నీ రావు. ఈ ఆఖరి ముక్క మాత్రం అడిగినవాళ్లకే చెప్పేవాణ్ణి.

ఆ ఎండాకాలం పాశమైలారం నుంచి అంజయ్య దుకాణానికి వచ్చాడు. ఊరి పక్కనే ఉన్న ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. బెంచీ మీద కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"సోమేశ్వర్ సేటూ, మా ఇంటికి డిష్షు పెట్టాలె. ఎవని దయ లేకుంట బొమ్మ రావాలె."

దయకూ బొమ్మకూ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. అడగలేదు కూడా. ఆదివారం సాయంత్రం వెళ్లి డాబా చూసి, డిష్షు ఎక్కడ బిగించాలో గుర్తు పెట్టుకుని కిందికి దిగాను. అంజయ్య భార్య సుమిత్ర చాయ్ ఇచ్చింది. ఇచ్చి, నన్ను ప్రశ్నలతో పీక్కు తింది.

"గాలి దుమారమొస్తె నిలుస్తదా సేటూ?"

"నిలుస్తదక్కా."

"ఈడ ఫ్యాక్టరీల గాలికి కిటికీ ఊచలే తుప్పు వట్టి రాలిపోతున్నయి. ఇదేం నిలుస్తది?"

"రంగేసుకుంటే నిలుస్తది."

"రాత్రి సీరియల్ వస్తదా మరి?"

"అది రాదు. వార్తలొస్తయి, పాత సినిమాలొస్తయి, వ్యవసాయం ప్రోగ్రామొస్తది."

"వ్యవసాయం సూసేటందుకు డిష్షెందుకు? తలుపు తీస్తె మా బావ వంకాయ తోట కనవడ్తలేదా?"

బావ అనే మాట వినగానే అంజయ్య మొహం ముడుచుకుంది. సరిగ్గా అప్పుడే టీవీలో బొమ్మ పోయింది. పైన ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది. సుమిత్ర లేచి, నేను తాగి పెట్టిన స్టీలు గ్లాసు తీసుకుని పక్క గోడ మీద టక్ టక్ మని రెండుసార్లు కొట్టింది. కాసేపటికి బొమ్మ వచ్చింది. ఆమె మళ్లీ ఒకసారి కొట్టింది. అదేదో పొయ్యి మీద పాలు చూసుకున్నంత మామూలుగా చేసి వచ్చి కూర్చుంది.

"సూసినవా సేటూ, మా బతుకు?" అన్నాడు అంజయ్య. "బిచ్చమడిగినట్టు గోడ కొట్టాలె."

సంగతి ఇది. ఆ గోడకు అవతల ఉండేది అంజయ్య అన్న పోచయ్య. ఒకప్పుడు రెండూ ఒకే ఇల్లు. అన్నదమ్ములు వేరుపడ్డాక మధ్యలో గోడ లేచింది. కేబుల్ వైరు ఆ గల్లీలో పోచయ్య ఇంటిదాకా వచ్చేసరికి నీరసపడుతుంది. అందుకని కేబుల్‌వాళ్లు పోచయ్య ఇంట్లో ఒక బూస్టర్ పెట్టి, అక్కణ్ణుంచి చివరి ఇంటికి, అంటే అంజయ్య ఇంటికి, వైరు లాగారు. బూస్టర్‌కు కరెంటు పోచయ్య ఇంటిది. అది ఆగితే పోచయ్య టీవీకి ఏమీ కాదు, అంజయ్య టీవీ ఒక్కటే ఆగుతుంది. రెండు దెబ్బలంటే బొమ్మ పోయిందని, ఒక దెబ్బంటే వచ్చిందని. ఆ రెండిళ్ల మధ్య మాటల్లేవు కాబట్టి ఈ ఏర్పాటు.

రెండోసారి వెళ్లినప్పుడు సుమిత్ర, ఆషాఢంలో ఇంట్లోకి కొత్త వస్తువేంది, శ్రావణంలో రమ్మంది. నాకు ఒళ్లు మండింది. పటాన్‌చెరు నుంచి స్కూటర్ మీద ఆ లారీల మధ్య పడి వచ్చేది ఈ మాట వినడానికా? ఆ చిరాకులోనే, నా పద్ధతికి విరుద్ధంగా, అసలు వాళ్లకూ మీకూ ఏమైందని అడిగాను. అంజయ్య డ్యూటీకి బట్టలు మార్చుకుంటున్నాడు. తన తోటికోడలు, అంటే పోచయ్య భార్య సంగతి సుమిత్రే చెప్పింది.

"మా యారాలు లేదా, కౌసల్యక్క, వాళ్ల బిడ్డ సరస్వతి పెండ్లికి ఊరంత తిరిగి ఇల్లిల్లుకు బొట్టు పెట్టి పిలిచింది సేటూ. మా ఎదురింటికొచ్చింది, ఎనకింటికొచ్చింది. నా గడప తొక్కలె. సరస్వతికి ఏండ్లకేండ్లు జడలేసిన చెయ్యి నాది. బరాత్ ఈ తొవ్వనే పోతుంటె తలుపు సందుకెళ్లి సూసిన. నాలుగేండ్లాయె."

"మర్చిపోయిందేమో."

"మర్సిపోలె. ఇంటి మనిషికి బొట్టేంది, పిలుపేంది, తనకు తానే రావాలె అన్నదంట. వేరువడ్డంక ఇంటి మనిషెట్లయిత? నాది ఇల్లు గాదా?"

ఇందులో ఎవరిది తప్పో తేల్చడానికి నేనెవర్ని? శ్రావణంలో వస్తానని చెప్పి వచ్చేశాను.

శ్రావణంలో సుమిత్ర కొత్త దారి తీసింది. "ఆ బూస్టరే ఖరాబయిందేమో సేటూ. జెర పోయి సూడు. అది బాగయితె ఈ డిష్షెందుకు మాకు?" అంజయ్య కూడా సరే చూడమన్నాడు. ఆ రోజుతో అటో ఇటో తేలిపోతుందని నేనూ పక్కింటికి వెళ్లాను.

కౌసల్యమ్మకు యాభై దాటి ఉంటాయి. వంకాయలు బుట్టలో ఏరి పోస్తున్నదల్లా నన్ను చూసి లేచి, వంటింటి గోడకున్న బూస్టర్ చూపించింది. విప్పి చూశాను. భేషుగ్గా ఉంది. మూత బిగిస్తుంటే స్విచ్చుల బోర్డు కంటపడింది. అన్ని స్విచ్చుల మీదా వంటింటి జిడ్డు పేరుకుని ఉంది. బూస్టర్‌ది మాత్రం వేలు పడీ పడీ నున్నగా మెరుస్తోంది.

"ఏమన్న ఖరాబయిందా బిడ్డా?" అంది కౌసల్యమ్మ.

"లేదమ్మా. ఎవరో స్విచ్చి బంద్ చేస్తున్నరు."

ఆమె దాచలేదు.

"నేనే. రోజు పొద్దుగూకంగ ఒక్కసారి. గంతే. పెండ్లినాటి సంది ఆమె నోట్లకెళ్లి నాతోని ఒక్క మాట రాలె బిడ్డా. గిట్లనన్న గోడ కొడ్తది. ఆ సప్పుడింటె ఇంట్ల మనిషున్నట్టుంటది. మల్ల బొమ్మ రాంగనె ఒక్కటి కొడ్తది సూడు, అది ఇనే అన్నం తింట."

నేను స్క్రూడ్రైవర్ సంచీలో పెట్టుకుని ఇవతలికి వచ్చాను. గుమ్మంలోనే అంజయ్య నిలబడి ఉన్నాడు.

"ఏమన్న దోషమున్నదా?"

"బూస్టర్‌ల ఏ దోషం లేదు."

"లేదా? మరి ఉత్తగనే బొమ్మెట్ల పోతది?" అతని గొంతు లేచింది. "అంటె వాళ్లే కావాలని బంద్ చేస్తున్నరన్నట్టు! నన్ను సతాయించేటందుకు! ఇగ సాలు. రేపే పెట్టు సేటూ."

"ఆగు జెర," అంది సుమిత్ర. నా వైపు తిరిగింది. "ఏం సూసినవ్ సేటూ? సూసింది చెప్పు."

చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. కానీ నాది బొమ్మ సంగతే గానీ మనుషుల సంగతి కాదు కదా. పైగా నాలుగు నెలలుగా తిరుగుతున్న గిరాకీ చేతికొచ్చింది.

"స్విచ్చి బందయింది. అంతే," అన్నాను.

సుమిత్ర లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు డిష్షు బిగించాను. వైరు గోడ వెంట బిగించేందుకు నిచ్చెన వేయడానికి అటువైపు వాకిలే అనువుగా ఉంటే, పోచయ్యను అడిగి అక్కడ వేసుకున్నాను. సుమిత్ర డాబా మీద వైరు చుట్ట విప్పి అందిస్తోంది. అంజయ్య కింద టీవీ ముందు కూర్చుని, వచ్చింది, పోయింది, మల్ల వచ్చింది అని అరుస్తున్నాడు.

"సేటూ," అంది సుమిత్ర, గొంతు తగ్గించి. "కరెంటు పోతె మా ఫ్యాను గూడ ఆగాలె గద. నాలుగేండ్ల సంది ఫ్యాను తిరుగుతనే ఉంటది, బొమ్మొక్కటె పోతది. దినాం ఒకటే యాళ్లకు. నాకెర్కలేదనుకున్నవా?"

నేను బోల్టు తిప్పుతున్నవాణ్ణి ఆగిపోయాను.

"మరి మీ ఆయనకు చెప్పకపోతివి?"

"చెప్తె లొల్లి అయితది. అక్క బంద్ చేసుడు మానేస్తది."

కింద నుంచి అంజయ్య కేక వేశాడు. బొమ్మ బ్రహ్మాండంగా వచ్చిందట, వార్తలు చదివే ఆమె చెవి కమ్మలు కూడా కనపడుతున్నాయట. సుమిత్ర వైరు చుట్ట కింద పెట్టి మెట్లు దిగింది. నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లలో బొమ్మ బాగా వచ్చినందుకు సిగ్గుపడడం అదే మొదలు. ఆ తొందరలో నిచ్చెన కూడా అక్కడే వదిలేసి వచ్చాను.

మూడో రోజు సాయంత్రం నిచ్చెన కోసం వెళ్లాను. పోచయ్య బర్రె పాలు పిండుతున్నాడు. తలెత్తకుండానే, "మా ఇంటామె లోపలున్నది, జెర సూడు సేటూ. మూడొద్దుల సంది స్విచ్చి కాడనే నిలవడ్తున్నది," అన్నాడు.

కౌసల్యమ్మ నిజంగానే బోర్డు దగ్గర నిలబడి ఉంది. నేను చూస్తుండగానే స్విచ్చి ఆర్పింది. గోడ వైపు చెవి పెట్టింది. అవతల టీవీ ఎప్పటిలాగే మోగుతోంది. వ్యవసాయం ప్రోగ్రాంలో ఎవరో వంకాయ తోటకు పట్టే పురుగు గురించి తాపీగా చెబుతున్నాడు. ఆమె మళ్లీ వేసింది, మళ్లీ ఆర్పింది.

"ఆ డిష్షు ఛత్రి పెడితె ఇగ బూస్టర్‌తోని పనే లేదా బిడ్డా?"

"లేదమ్మా."

"బొమ్మ ఎప్పటికి పోదా?"

"పోదు."

ఆమె కళ్లు తుడుచుకోలేదు, ముక్కు తుడుచుకుంది. నిచ్చెన భుజాన వేసుకుని నా దారిన నేను పోవచ్చు. కానీ ఈ పని చేసింది నేను. మొన్న ఒక్క నిమిషం నోరు విప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. నా జన్మలో మొదటిసారి అవతలివాళ్ల సంగతిలో వేలు పెట్టాను.

"దినాం ఆమెనే కొట్టాల్నని ఏమన్నున్నదా అమ్మా? ఇయ్యాల నువ్వు కొట్టు."

ఆమె నన్ను తిక్కవాణ్ణి చూసినట్టు చూసింది. బయట పాలు పిండే చప్పుడు ఆగింది. ఆమె పొయ్యి పక్కనున్న చెంబు తీసుకుని గోడ మీద రెండు దెబ్బలు కొట్టింది. గట్టిగా కూడా కాదు.

అవతల వంకాయ పురుగు మాట మధ్యలోనే ఆగిపోయింది. టీవీ కట్టేశారు. తర్వాత ఏ చప్పుడూ లేదు. నేను చేసింది మంచిపనో కాదో అనుకుంటూ చెమటలు తుడుచుకుంటున్నాను. అప్పుడు సుమిత్ర ఇటువైపు వాకిట్లోకి వచ్చి గడప అవతలే నిలబడింది. గోడ కొట్టే స్టీలు గ్లాసు చేతిలో ఉంది. కౌసల్యమ్మను చూడకుండా నాతో అంది:

"ఏమయిందంట సేటూ?"

"ఏం గాలే అని చెప్పు బిడ్డా," అంది కౌసల్యమ్మ, ఆమె కూడా నాతోనే. "లోపలికి రమ్మను."

"పిలువంది ఎట్లొస్తనో అడుగు సేటూ."

ఇద్దరి మధ్యా నేను బూస్టర్‌లా నిలబడ్డాను. కౌసల్యమ్మ గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లిపోయింది. అయిపోయింది, ఉన్నది కూడా చెడగొట్టాననుకున్నాను. సుమిత్ర మొహం నల్లబడింది. వెనక్కి తిరగబోయింది.

అంతలో కౌసల్యమ్మ వచ్చింది. చేతులు కడుక్కున్నట్టుంది, తడిగా ఉన్నాయి. ఒక చేతిలో కుంకుమ భరిణె. గడప దాటి వాకిట్లోకి దిగి, తోటికోడలి గడ్డం పట్టుకుని, నుదుట బొట్టు పెట్టింది. బొట్టు కాస్త పక్కకు జరిగింది. అప్పుడు, ఊరంతా తిరిగి ఇల్లిల్లుకూ చెప్పిన మాటే, మొదటిసారి చెబుతున్నట్టుగా చెప్పింది.

"మా సరస్వతి పెండ్లి సుమిత్రా. ఇంటిల్లిపాది రావాలె."

సుమిత్ర గ్లాసు పట్టుకున్న చేతి వెనకభాగంతో కళ్లు తుడుచుకుంది. సరస్వతికి అప్పటికే ఇద్దరు పిల్లలు.

"ఎప్పుడక్కా పెండ్లి?" అంది.

"నాలుగేండ్లాయెనే," అంది కౌసల్యమ్మ, ఏడుస్తూ.

"వస్త," అని సుమిత్ర గడప దాటింది.