ఊకొట్టే ఉద్యోగం

"ఊఁ" అన్నాడాయన కళ్ళు మూసుకుని.

చెవులకు హెడ్‌ఫోన్, మూతి ముందు మైకు, చుట్టూ స్పాంజి అతికించిన గోడలు. కాళ్ళు చాపితే తలుపుకి తగిలేటంత గది. అవతల ఎవరో కోడలు, పోయిన అత్తగారికి ఫోన్లో ఇంటి సంగతులు చెప్పుకుంటోంది. బతికుండగా ఉప్పూ నిప్పూలా ఉన్నవాళ్ళే! ఇప్పుడు అత్తగారి గొంతుతో మాట్లాడేది యంత్రం. మధ్యమధ్యలో ఊకొట్టేది ఈయన. ఆయన ఊఁ అవతలికి చేరేలోగా అత్తగారి గొంతులోకి మారిపోతుంది.

పోయినవాళ్ళ గొంతులు పలికే యంత్రాలు వచ్చాయి గానీ, ఈ ఒక్క పనీ వాటికి చేతకాలేదు. ఏ భాషలో అడిగినా గడగడా చెప్పేస్తాయి. ఎదుటి మనిషి మాట మధ్యలో ఆగి గుటక మింగితే మాత్రం, ఊఁ అనాలో ఊరుకోవాలో వాటికి తెలిసి చావదు. అందుకని కంపెనీ మనుషుల్ని పెట్టుకుంది. ఒకప్పుడు ఇలాంటి కథలు టీవీలో వస్తే, జనం దుప్పటి ముసుగేసుకుని భయపడుతూ చూసేవారు. ఇప్పుడు ఆ కథల్లోనే జీతానికి కూర్చుంటున్నారు. ఏం చేస్తాం, పొట్టకూటి కోసం కోటి విద్యలు!

తోటివాళ్ళు ఆయన్ని 'ఊఁ మాస్టారు' అంటారు. జన్మలో ఎవరికీ పాఠం చెప్పి ఎరగడు. యాభై దాటిన మనిషి, బట్టతల, మెడ దాకా పెట్టుకున్న గుండీలు. ఉద్యోగానికి నియమం ఒక్కటే. ఊఁ, ఆఁ, ఒక నిట్టూర్పు, అంతే. మాట అంటే మాత్రం దాని గొంతు మార్చడం యంత్రం వల్ల కాదు, ఆయన సొంత గొంతే అవతలికి వెళ్ళిపోతుంది. ఆ రోజుతో ఉద్యోగం ఊడిపోతుంది.

నోరు కట్టేసుకోవడం ఆయనకి పుట్టుకతో వచ్చిందే. "గోడకి చెప్పుకున్నా బీటలు వారేది. నీకు ఊఁ తప్ప రెండో మాట రాదు కదయ్యా!" అని భార్య పోరి పోరి, చివరికి పోరడం కూడా మానేసి, ఒక వానాకాలం జ్వరంతో పోయింది. కంపెనీలో పనిచేసేవాళ్ళకి, పోయినవాళ్ళతో మాట్లాడే ఫోను ఒకటి ఉచితం. ఆవిడ గొంతు పెట్టించుకోమని మేనేజరు ఎన్నిసార్లు చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. ఆవిడ మాట్లాడితే మాత్రం తను చేసేదేముంది, మళ్ళీ ఊఁ అనడమే కదా! అది తలుచుకుంటే ఆయనకి ఏడుపొస్తుంది.

ఇంటికెళ్తే పలకరించే దిక్కు లేదు. ఉన్నదల్లా మధ్యాహ్నం ఫోన్ చేసే పెద్దావిడ. భర్త పోయిన దగ్గర్నుంచీ రోజూ చేస్తోంది. కొళాయి కారుతోందనీ, మోకాళ్ళు సలుపుతున్నాయనీ, పక్కవాటా పిల్లి తన కుర్చీ ఎక్కి దిగనంటోందనీ చెప్పుకొస్తుంది. సెలవు రోజుల్లో ఈయన ఆ పిల్లి మీద బెంగ పెట్టుకునేవాడు.

ఇవాళ కూడా ఆవిడ లైను వెలిగింది. "ఎలా ఉన్నావే?" అంది యంత్రం, భర్త గొంతుతో.

"నువ్వు కాసేపు నోరు మూసుకో. నేను ఆ ఊకొట్టే అతనితో మాట్లాడాలి."

ఆయన ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నాడు.

"నాయనా, నువ్వెవరివో గానీ మా ఆయనవి మాత్రం కావు. మొదటి రోజే తెలిసింది. ఇంత కాపురంలో ఆయన నా మాట చివరిదాకా విన్నది లేదు. పేపరు అడ్డం పెట్టుకుని సగంలోనే 'సర్లే' అనేవాడు. నువ్వేమో నేను కళ్ళు తుడుచుకున్నాక గానీ ఊఁ అనవు."

"ఊఁ" అన్నాడాయన.

"'ఆ ఊఁ అనేదీ యంత్రమేనమ్మా, నీ పిచ్చి గానీ' అంటోంది మా అమ్మాయి. అదే నిజమైతే ఇవాళ్టితో ఈ ఫోను పీకించేస్తాను. గోడతో మాట్లాడే ఓపిక నాకిక లేదు. మనిషివైతే ఒక్క మాట చెప్పు. పెద్ద మాటేం వద్దు." తనే అడిగింది. "భోంచేశావా నాయనా?"

ఊఁ అంటే ఉద్యోగం మిగులుతుంది, ఆవిడ పోతుంది. మాట్లాడితే ఉద్యోగమూ పోతుంది, ఆవిడా పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎటు చూసినా రేపు ఈ గొంతు వినపడదు. కానీ ఊఁ అని ఊరుకుంటే, ఆవిడ ఇన్నాళ్ళూ గోడతో మాట్లాడినట్టే నమ్మి బతుకుతుంది. అది మాత్రం ఆయన తట్టుకోలేకపోయాడు. అయినా, తిన్నావా అని తనని అడిగిన మనిషి ఈ మధ్యకాలంలో ఎవరున్నారు?

"ఇంకా లేదమ్మా" అన్నాడు. వాడకం లేక తుప్పుపట్టిన గొంతు. "రోజూ మీ ఫోన్ అయ్యాకే తింటాను. పిల్లి దిగిందా?"

అవతల ఆవిడ నవ్వుతూనే ఏడ్చేసింది. "దిగలేదు నాయనా, దాని సిగ్గు చిమడ! ముందు నువ్వు వెళ్ళి..."

లైను తెగిపోయింది.

మేనేజరు వచ్చి తలుపు తీశాడు. అతని మొహంలో కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది. "ఇంత సర్వీసు పెట్టుకుని, ఇదేం పని మాస్టారూ?"

"అడిగింది కదండీ. జవాబు చెప్పొద్దూ?"

మాస్టారు మెడలో కార్డు తీసి ఇచ్చేశాడు. ఎవరికీ చెప్పకుండానే మెట్లు దిగి, జనంలో కలిసిపోయాడు.

కాసేపటికి ఆ గదిలోకి కొత్త మనిషి వచ్చాడు. హెడ్‌ఫోన్ తుడిచి పెట్టుకుని, కుర్చీ ముందుకి లాక్కున్నాడు. కింద కాలికేదో తగిలింది. వంగి చూస్తే, మూత తియ్యని నిండు క్యారేజీ.