నల్ల గడ్డం పిట్ట

కట్టెల కోసం ఆండీస్ కొండెక్కిన యోలీమా, ఆమె తమ్ముడు ఎలియేసర్ పొగమంచులో దారి తప్పారు. ఊరివైపే దిగుతున్నామనుకున్నారు. ఇంతలో కొమ్మమీద పసుపు పొట్ట, నీలి రెక్కల పిట్ట కనబడింది.

"మన పిట్టే అక్కా! ఊరొచ్చేసినట్టే," అన్నాడు తమ్ముడు.

యోలీమా పరికించి చూసి కొయ్యబారిపోయింది. ఊరి పిట్టకు వీపు నలుపు, గడ్డం పసుపు. దీని వీపు ఆకుపచ్చ, గడ్డం దగ్గర నల్ల మచ్చ. ఇది సముద్రంవైపు వాలులోనే ఉంటుంది. ఆ వాలంతా తుపాకుల వాళ్లు మందుపాతరలు పెట్టారు.

"కదలకురా! అవతలివైపు దిగాం."

"పిట్టను చూసి భయపడతావేంటక్కా?" అని నవ్వబోయిన ఎలియేసర్ ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

బురదలో తమ అడుగుజాడల్లోనే కాళ్లు పెడుతూ, ఊపిరి బిగబట్టి వెనక్కి ఎక్కారు. కొండ కొమ్ము చేరాక యోలీమా కూలబడి ఏడ్చింది. తమ్ముడు ఆమె చెయ్యి వదల్లేదు.