బుడాన్ మేస్త్రీ తిప్పిన అరగంట

మార్టూరు దగ్గర మిరపచేలల్లో కూలీల మీద మేస్త్రీగా ఉండే బుడాన్, పంతొమ్మిదివందల యాభై ఆరులో గుంటూరు పోయి చేతిగడియారం కొనుక్కొచ్చాడు. అప్పటిదాకా ఆడవాళ్లు నీడ చూసుకుని అన్నానికి లేచేవాళ్లు. గడియారం వచ్చాక ఆ పనే లేకపోయింది. బుడాన్ కేకేస్తేనే మధ్యాహ్నం ఒంటిగంట, కేకేస్తేనే సాయంత్రం.

పొద్దున జనం చేలో దిగాక అతను ముల్లు అరగంట వెనక్కి తిప్పి, సాయంత్రం వాళ్లు పోయాక మళ్లీ సరిచేసేవాడు. చేల ఆసామి తిప్పమన్నాడా అంటే లేదు. బుడాన్ ఉంటే కోత చకచకా సాగుద్దని ఆసామి నోట అనిపించుకోవాలి, అంతే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఆ పూజారి ఇతనే.

కూలీల్లో రెబ్కాకి చంటిబిడ్డ. వాణ్ణి పేటలో అత్త దగ్గర వదిలి వచ్చేది. ఒంటిగంటకి ఇంటికి పరుగెత్తి, చేతుల కారం పోయేదాకా మజ్జిగతో కడుక్కుని పాలిచ్చేది.

ఒకరోజు తడిసిన రవిక మీద పైట లాక్కుంటూ అడిగింది.

"టైమయిందా అన్నా?"

"ఇంకా అరగంటుందమ్మాయ్."

"అయితే నా పాలకే తొందర. రోజూ ముందే వచ్చేస్తన్నాయి. బిడ్డా అంతే, టైము కాకుండానే ఏడుస్తాడని మా అత్త ఒకటే తిట్టుద్ది. గడియారం అబద్ధమాడదుగా!" అని నవ్వింది.

బుడాన్‌కి తల కొట్టేసినట్టయింది. ముగ్గురు పిల్లల తండ్రి అతను. పాలు తాగే పసివాడి ఆకలిని అబద్ధం చేశాడు.

మర్నాడు ముల్లు జోలికి పోలేదు. సరిగ్గా ఒంటిగంటకి కేకేశాడు. ఒక్కరూ లేవలేదు.

"సరిగ్గా చూడన్నా, గడియారం ముందుకి పోయినట్టుంది," అంది రెబ్కా. "ముందే లేపావని తెలిస్తే ఆసామి నిన్నంటాడు. మేం ఆగుతాంలే."

ఆమె రవిక అప్పటికే తడిసి ఉంది. మిగతావాళ్లు మళ్లీ చెట్ల మీదికి వంగారు. సరే ఆగండి అనేస్తే పోద్దిగా అని ఒక్క క్షణం అనిపించింది కూడా బుడాన్‌కి. అలా అనిపించినందుకు మరింత సిగ్గేసింది.

"గడియారం సరిగ్గానే ఉంది. ఇన్నాళ్లూ నేనే వెనక్కి తిప్పా."

కోసే చేతులు ఆగిపోయాయి.

"రోజూనా అన్నా?"

"రోజూ."

రెబ్కా ఒడిలోని కాయలు అక్కడే కుమ్మరించి, గట్టు దాటి పేటవైపు పరుగెత్తింది. అతన్ని తిట్టడానికైనా ఆ తల్లికి తీరిక లేదు.