నాకు చేసినట్టే

"నీకు తెలియనిదేముంది? నాకు చేసినట్టే నీకూ చేసుకో."

ఆస్పత్రి నుంచి ఇంటికి వస్తూ, కారు నడుపుతున్న భర్త అన్న మాట ఇది. అప్పటిదాకా ఆమె డైటీషియన్ చెప్పినవన్నీ ఆయనకు చెబుతూ వచ్చింది. మందులూ రేడియేషనూ అయిపోయాయి కానీ ఒంట్లో కండ కరిగిపోయిందట, పూటపూటకీ గుడ్డో చేపో పప్పో పెరుగో కడుపులో పడాలట, ఆకలి లేకపోయినా కొద్దికొద్దిగా చాలాసార్లు తినాలట, ఎవరైనా దగ్గరుండి పెడితే మంచిదట. ఆ చివరి మాట దగ్గర ఆమె కాస్త ఆగింది. ఆ ఆగడంలో చిన్న ఆశ ఉంది. ఆయన గేరు మార్చినంత తేలిగ్గా దాన్ని దాటేసి, నీకు తెలియనిదేముంది అన్నాడు. పొగిడాననే అనుకున్నాడు కూడా.

నిజమే, ఆమెకు తెలియనిది లేదు. నాలుగేళ్ల కిందట ఆయనకు పెద్దపేగులో క్యాన్సర్ వచ్చినప్పుడు ఆమె బడికి జీతం లేని సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. కూర్చుంది అని అందరూ అనేవారు. ఆ రోజుల్లో ఆమె కూర్చున్నది ఎప్పుడో చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. మందుల వేడికి ఆయన నోరంతా పూసి ఏదీ మింగలేకపోతుంటే అన్నం జావలా మెదిపేది, కూరగాయలు ఉడికించి వడగట్టేది. పొయ్యి వాసనకు కడుపులో తిప్పుతోందంటే స్టవ్ పెరట్లోకి మోసుకెళ్లి ఎండలో వండేది. ఉప్పు తక్కువైందని ఆయన గిన్నె విసిరికొడితే నేల తుడిచి మళ్లీ మొదలుపెట్టేది. నడక ముఖ్యమని డాక్టరు చెబితే పార్కులో ఆయన ముందు, మంచినీళ్ల సీసా, మడత కుర్చీ మోసుకుంటూ ఆమె వెనక. ఎదురైనవాళ్లంతా ఆయన్ని ఆపి, "మీ పట్టుదలకు దణ్ణం పెట్టాలండీ" అనేవారు. కుర్చీ మోస్తున్న మనిషికీ ఏదో ఒక పట్టుదల ఉండి ఉంటుందని ఏ ఒక్కరికీ తట్టలేదు. అప్పుడు ఆమెకూ తట్టలేదు, ఇప్పుడు ఒళ్లు మండేది అందుకే.

ఆమె వంతు నిరుడు వచ్చింది. కుడి రొమ్ము, చంకలోని గ్రంథులతో సహా తీసేశారు. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. లెక్కల టీచరుకు అంతకంటే ఏం కావాలి? బోర్డు కింది సగంలోనే రాసేది, అదీ నడుం వంచి. ఒకరోజు హెడ్మాస్టరు గదిలోకి పిలిచి, ఎంతో దయగా, "టీచర్ గారూ, వెనక బెంచీల పిల్లలకు బోర్డు కనపడ్డం లేదంటున్నారు. మీ మంచికే చెప్తున్నా, లైబ్రరీ పీరియడ్లు తీసుకోండి. హాయిగా కూర్చోవచ్చు" అన్నాడు. పదో తరగతికి ఇరవై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషిని పుస్తకాల దుమ్ము దులపమన్నాడు. ఆ హెడ్మాస్టరే గుండెకు స్టెంటు వేయించుకుని వచ్చిన రోజున ఆయన కుర్చీ దగ్గరకు దండలతో వెళ్లారే తప్ప, దాన్ని అంగుళం కూడా ఎవరూ జరపలేదు. ఆమె ఈ మాట పైకి అనలేదు. "అలాగే సార్" అని బయటికొచ్చి, వరండాలో నిలబడి, తన నాలుకను తనే తిట్టుకుంది.

చెయ్యి బాగుపడే దారి లేకపోలేదు. క్యాన్సర్ నుంచి కోలుకున్నవాళ్ల కోసం ఆస్పత్రిలో సాయంత్రాలు వ్యాయామం క్లాసు ఉంది. ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఆమెను గోడకు ఎదురుగా నిలబెట్టి, "వేళ్లతో గోడ మీద పైకి పాకించండమ్మా. రోజూ చెయ్యాలి. ఇప్పుడు వదిలేస్తే భుజం బిగుసుకుపోతుంది, ఆ తర్వాత నేనూ ఏం చెయ్యలేను" అని చెప్పింది. క్లాసుకు వెళ్లిన ప్రతిసారీ ఇంటి నుంచి భర్త ఫోను. అమ్మ మోకాళ్ల మాత్ర ఎక్కడ? పాలు పొంగిపోయాయి, స్టవ్ తుడిచే గుడ్డ ఏది? వచ్చేటప్పుడు రొట్టె తెస్తావా? వారం తిరక్కుండానే మానేసింది. ఎందుకు మానేశావని ఎవరూ అడగలేదు, మానేసిన సంగతి ఎవరికైనా తెలిస్తే కదా.

వెళ్లిన ఆ నాలుగు రోజులూ అత్తగారు ఊరుకోలేదు. "ఇల్లు ఊడుస్తున్నావు, గుడ్డలు ఆరేస్తున్నావు. అది వ్యాయామం కాదుటే? డబ్బున్నవాళ్లు పనిమనిషిని పెట్టుకుని, పని లేక గోడలు పాకుతారు" అంది. ఆ మాటే ఆమె ఫిజియో అమ్మాయికి చెబితే, ఆ పిల్ల నవ్వలేదు. "పని ఒంట్లో ఉన్నది లాగేస్తుందమ్మా. వ్యాయామం ఒంటికి బలం ఇవ్వాలి. అసలు మీరు తిని వచ్చారా?" అని అడిగింది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే భర్త పేపరు దించకుండానే, "డైలాగులు బాగానే కొడుతోందే ఆ పిల్ల" అన్నాడు.

తిండి సంగతి ఇంకా విచిత్రం. తన కోసమని గుడ్లు ఉడకబెట్టుకుని స్నానానికి వెళ్లేది. వచ్చేసరికి గిన్నెలో పెంకులు. "ఆకలేసి తిన్నాను, ఇంకోటి పెట్టుకోరాదూ?" చేప తెచ్చిన రోజున ముక్కలు ఆయనకు, అత్తగారికి పోగా పులుసు ఆమెకు. ఇంట్లో అందరికీ అన్నీ వడ్డించాక గిన్నె వంచి చూసుకుని, సరేలే అనుకోవడం ఆమెకు ఊపిరి తీసినంత అలవాటు. ఆ సరేలేనే కండలు తినేసిందని డైటీషియన్‌కు తెలియదు. రక్తపరీక్షలో అది కనపడదు.

ఇలా ఉండగా, కోలుకున్నవాళ్ల సమావేశం ఒకటి పెట్టి, ఆహారం, వ్యాయామం గురించి మాట్లాడమని ఆస్పత్రివాళ్లు ఆయన్ని పిలిచారు. కొత్త చొక్కా ఆమే ఇస్త్రీ చేసింది, కుడిచెయ్యి పీకుతుంటే ఎడమచేత్తో. హాలు నిండా తలకు స్కార్ఫులు, మెడకింద మచ్చలు, పక్కన తోడుగా వచ్చినవాళ్లు. ఆయన మైకు పట్టుకుని చక్కగా మాట్లాడాడు. క్రమశిక్షణ అన్నాడు. నాలుకను జయించాలన్నాడు. "నేను రోగానికి లొంగలేదు, రోగమే నాకు లొంగింది" అన్నాడు. విసిరికొట్టిన గిన్నె ఆ ఉపన్యాసంలో ఎక్కడా లేదు.

రెండో వరసలో స్కార్ఫు కట్టుకున్న ఒకావిడ చెయ్యెత్తింది. "నోరు పూసినప్పుడు పొద్దున్నే ఏం తినేవారండీ? నాకు తగ్గుతోందో లేదో మావారికీ వచ్చింది, ఏదీ దిగట్లేదు."

ఆయన తడబడ్డాడు. "అదీ... మెత్తటివి. అవన్నీ మా ఆవిడ చూసుకునేది. చెప్పవోయ్!"

మైకు ఆమె చేతికొచ్చింది. చెప్పింది. ఏది ఎంత మెత్తగా ఉడకాలో, ఏది చల్లారాక ఇవ్వాలో, వాసన గిట్టనప్పుడు ఏం చెయ్యాలో, నడకకు ముందు ఏం పెట్టాలో అన్నీ పుస్తకం చదివినట్టు చెప్పింది. హాల్లో కొందరు కాగితాల మీద రాసుకున్నారు. ఆమె కూర్చోబోతుంటే ఆ స్కార్ఫు ఆవిడ మళ్లీ లేచింది. ఈమె కుడిచేతికి వాపు రాకుండా వేసుకున్న బిగుతు తొడుగు వైపే చూస్తూ, "మీక్కూడా వచ్చిందా అమ్మా? మీకెవరు చేసి పెడుతున్నారు?" అని అడిగింది.

ఆమె నోరు తెరిచేలోపే ఆయన ఇంకో మైకు అందుకుని నవ్వాడు. "మా ఆవిడ ఉక్కు మనిషండీ! ఆవిడకు ఎవరూ చెయ్యక్కర్లేదు!"

హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ స్కార్ఫు ఆవిడ మాత్రం కొట్టలేదు, నిలబడే ఉంది, ఇంకా జవాబు కోసం చూస్తున్నట్టు. ఆ చప్పట్లు ఆమెకు చెంపల మీద పడినట్టున్నాయి. ఉక్కు మనిషట. ఉక్కుకు ఆకలి వెయ్యదు. ఉక్కు చెయ్యి నొప్పెట్టదు. ఇంతకంటే చవగ్గా మనిషిని వదిలించుకునే మాట ఏ భాషలోనైనా ఉందా? తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. పొగిడి నోరు మూసేస్తే ఏమనాలి? ఇన్నేళ్లూ ఇలాంటి పొగడ్తలే తిని బతికింది కాబోలు, కండ ఎక్కడ పడుతుంది!

ఇంటికి రాగానే ఆయన అలిసిపోయానని పడుకున్నాడు. నిద్ర లేచేసరికి సాయంత్రం అయింది. వంటింట్లో స్టవ్ ఆరిపోయి ఉంది. ఆమె భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. కంచంలో ఉడికించిన గుడ్లు, పెద్ద చేప ముక్క, ఒక గిన్నెడు పెరుగు. నెమ్మదిగా నములుతోంది. అత్తగారు గుమ్మంలో నిలబడి వింతను చూసినట్టు చూస్తోంది.

"నా సూప్ ఏది?" అన్నాడాయన.

"చెయ్యలేదండీ."

"ఒంట్లో బాలేదా?"

"బాగు చేసుకుంటున్నాను. తిని క్లాసుకు వెళ్తాను. ఇకనుంచి రోజూ వెళ్తాను. సాయంత్రం వంట మీరు చూసుకోండి. ఫోన్ ఇంట్లోనే పెట్టి వెళ్తున్నా."

"హాల్లో అన్నదానికా ఇదంతా? నేను మెచ్చుకున్నానే! అందరూ చప్పట్లు కొట్టారు, చూశావుగా!"

"చూశాను." ఆమె చేప ముక్కలోంచి ముల్లు తీసి పక్కన పెట్టింది. "మళ్లీ ఎప్పుడూ నన్ను అలా మెచ్చుకోకండి. రేపు హెడ్మాస్టరు గారికి కూడా చెప్తాను, లైబ్రరీ నాకొద్దని. నా చెయ్యి పైకి లేచేదాకా పిల్లల్నే ముందు బెంచీల్లోకి జరుపుకుంటాను."

ఆయన తల్లి వైపు చూశాడు. అత్తగారు గొంతు తగ్గించి, నచ్చజెబుతున్నట్టు, "వాడు చావుదాకా వెళ్లొచ్చినవాడమ్మా. కాస్త కనిపెట్టుకుని ఉండాలి" అంది.

ఆమె ఆఖరి ముద్ద మింగి, నీళ్లు తాగి లేచింది.

"నేనూ అక్కడిదాకా వెళ్లొచ్చానత్తయ్యా. నేను ఇంట్లో లేని సంగతే మీకెవరికీ తెలియలేదు."

తిన్న కంచం బల్ల మీదే వదిలేసి, చెప్పులు వేసుకుంది.